ఒకే ఎఫ్‌ఐఆర్, నాలుగో పిటిషన్: ముందస్తు బెయిల్ ఎక్కడ దారి తప్పుతోంది

అరెస్టుకు ముందే కోరే ముందస్తు బెయిల్ కోసం పిటిషన్ పెండింగులో ఉందని తెలిస్తే పోలీసులు సాధారణంగా నిందితుడి జోలికి వెళ్లరు. చట్టంలో అలా ఆగమని ఎక్కడా లేదు. మధ్యంతర రక్షణ ఇస్తూ కోర్టు విడిగా ఉత్తర్వు ఇస్తే తప్ప, కేవలం పిటిషన్ వేసినందువల్ల అరెస్టుకు ఏ అడ్డూ ఉండదు. అయినా స్టేషన్లలో నడిచే పద్ధతి వేరు. కోర్టులో ఏబీ (ముందస్తు బెయిల్ పిటిషన్) ఉంది కాబట్టి ఆర్డర్ వచ్చాక చూద్దామనే ధోరణి చాలాచోట్ల కనిపిస్తుంది. తొందరపడి అరెస్టు చేస్తే రేపు హైకోర్టులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందన్న జంకు దీనికి ఒక కారణం. ఊరికే ఉండిపోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదన్నది మరో కారణం. ఈ ఆచారం వల్ల కొందరు నిందితులకు బెయిల్ రావడం కన్నా, ఏదో ఒక కోర్టులో ఏదో ఒక పిటిషన్ పెండింగులో ఉండటమే అసలు ప్రయోజనంగా మారింది. ఒకటి కొట్టేస్తే ఇంకొకటి వేస్తారు, అదీ కొట్టేస్తే మూడోది.

ముందస్తు బెయిల్ పుట్టిందే బలవంతుల నుంచి కాపాడటానికి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది లేదు. పలుకుబడి ఉన్నవాళ్లు ప్రత్యర్థుల పరువు తీయడానికో, నాలుగు రోజులు జైల్లో పెట్టించడానికో తప్పుడు కేసులు బనాయిస్తున్నారంటూ లా కమిషన్ 1969లో తన 41వ నివేదికలో దీన్ని సిఫారసు చేసింది. 1973 కోడ్‌లో 438వ సెక్షన్‌గా వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 482వ సెక్షన్. పాత కోడ్‌లో 482 అంటే క్వాష్ పిటిషన్, అంటే కేసునే కొట్టేయమని హైకోర్టును అడగడం. అంకె అదే, అర్థం మారింది. పాత అలవాటు కొద్దీ చదివేవాళ్లు ఒకదానికొకటి అనుకునే ప్రమాదం ఇప్పటికీ ఉంది.

గురుబక్ష్ సింగ్ సిబ్బియా కేసులో 1980లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సెక్షన్‌ను విశాలంగా చదివింది. ఎఫ్‌ఐఆర్ నమోదు కాకపోయినా పిటిషన్ వేయవచ్చు, కానీ అరెస్టు భయానికి కంటికి కనిపించే ఆధారం ఉండాలి, ఏ కేసులోనైనా అరెస్టు చేయొద్దనే మూకుమ్మడి ఉత్తర్వులు కుదరవు అని తేల్చింది. 2020 జనవరిలో సుశీలా అగర్వాల్ కేసులో మరో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ముందస్తు బెయిల్‌కు సాధారణంగా గడువు పెట్టనక్కరలేదని, విచారణ ముగిసేదాకా అది కొనసాగవచ్చని చెప్పింది. అంటే ఒక్కసారి వస్తే చివరిదాకా పనికొచ్చే ఉత్తర్వు ఇది. దానికోసం నాలుగైదు సార్లు ప్రయత్నించాలన్న ఆశ అక్కడే మొదలవుతుంది.

రెండోసారి వేయవచ్చా?

సెక్షన్‌లో ఒకసారి అనీ లేదు, రెండుసార్లు అనీ లేదు. కోర్టులే గీత గీయాల్సి వచ్చింది. ఒకసారి సంతకం చేసిన తుది ఉత్తర్వును రాతపొరపాట్లు దిద్దడానికి తప్ప అదే కోర్టు మళ్లీ ముట్టుకోకూడదని పాత కోడ్ 362వ సెక్షన్, ఇప్పటి 403వ సెక్షన్ చెబుతాయి. పరిస్థితి ఏమీ మారకుండా వేసిన రెండో బెయిల్ పిటిషన్ నిజానికి పాత ఉత్తర్వుపై రివ్యూయేనని, అది కుదరదని 2001లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కజాద్ కేసులో సుప్రీంకోర్టు అంది. బిహార్ నేత పప్పూ యాదవ్ బెయిళ్లకు సంబంధించిన కల్యాణ్ చంద్ర సర్కార్ కేసుల్లో, పరిస్థితులు నిజంగా మారితే మళ్లీ అడగవచ్చు గానీ మునుపటి నిరాకరణకు కారణాలేమిటో, ఇప్పుడు వేరే అభిప్రాయానికి ఎందుకు వస్తున్నామో జడ్జి రాయాలని చెప్పింది.

ఈ తీర్పులన్నీ జైల్లో ఉన్నవాళ్ల మామూలు బెయిల్ గురించి. వాటిని తెచ్చి ముందస్తు బెయిల్‌కు అతికించేటప్పుడు ఒక తేడా మరిచిపోతున్నారు. జైల్లో ఉన్నవాడికి గడిచే ప్రతి నెలా ఒక కొత్త పరిస్థితే. విచారణ సాగకపోతే, శిక్షలో సగం కాలం జైల్లోనే గడిచిపోతే, అది మళ్లీ అడగడానికి న్యాయమైన కారణం. ముందస్తు బెయిల్ కోరేవాడు బయటే ఉన్నాడు. అతని విషయంలో గడిచిన కాలం అతను దొరకని కాలం. దాన్నే కారణంగా చూపి నాలుగు నెలలుగా అరెస్టు చేయలేదు కాబట్టి కస్టడీ అవసరం లేదని వాదిస్తే, తప్పించుకున్నందుకు బహుమతి అడిగినట్టే. ఈ వాదన చాలా పిటిషన్లలో ఒక గ్రౌండ్‌గా కనిపిస్తుంది. కొన్నిసార్లు నెగ్గుతుంది కూడా.

హైకోర్టులు ఇక్కడ ఒక్క మాట మీద నడవలేదు. మాయారాణి గుయిన్ కేసులో కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ (విస్తృత ధర్మాసనం), రెండో ముందస్తు బెయిల్ పిటిషన్ అసలు నిలవదనే కఠిన వైఖరి తీసుకుంది. గణేశ్ రాజ్ కేసులో రాజస్థాన్ ఫుల్ బెంచ్, వాస్తవాలో చట్టమో మారితే వేయవచ్చు గానీ కొత్త వాదన తట్టిందని వేయకూడదంది. 2021లో జీ.ఆర్. ఆనందబాబు కేసులో సుప్రీంకోర్టు, వరుసగా వేసే ముందస్తు బెయిల్ పిటిషన్లను స్వీకరించరాదని, నిందితుడు పరారీలో ఉన్నాడని, సహకరించడం లేదని పోలీసుల దర్యాప్తు రికార్డైన కేస్ డైరీ చెబుతున్నప్పుడు అసలే కూడదని, పరిస్థితులు మారాయన్న పైపై సాకు చెల్లదని గట్టిగానే చెప్పింది. అయినా తలుపు పూర్తిగా మూసినట్టు కింది కోర్టులు దాన్ని చదవడం లేదు. మూయకపోవడమే సబబు కూడా.

ఎందుకంటే మళ్లీ వేసిన ప్రతి పిటిషనూ దుర్వినియోగం కాదు. సెషన్స్ కోర్టు నిరాకరించాక హైకోర్టుకు వెళ్లడం హక్కు, దాన్ని రెండో పిటిషన్‌గా లెక్కించకూడదు. హత్యాయత్నం సెక్షన్ పెట్టిన కేసులో గాయాల సర్టిఫికెట్ వచ్చి అవి స్వల్ప గాయాలని తేలితే, దర్యాప్తులో పెద్ద సెక్షన్ ఎత్తేస్తే, తనకన్నా పెద్ద పాత్ర ఉన్న సహనిందితుడికి కారణాలతో బెయిల్ వస్తే, అరెస్టు చేయకుండానే చార్జిషీట్ దాఖలైతే అవి నిజమైన మార్పులు. చార్జిషీట్ తర్వాత కూడా ముందస్తు బెయిల్ అడగవచ్చని 2003లో భరత్ చౌధరి కేసు చెప్పనే చెప్పింది. అయితే లాయర్ మారడం, మునుపు చెప్పని వాదన గుర్తుకు రావడం, ఏడాది కిందటి నుంచీ ఉన్న షుగర్ జబ్బుకు కొత్తగా సర్టిఫికెట్ పుట్టడం, వేరే పాత్ర ఉన్న నిందితుడికి వచ్చిన బెయిల్‌ను చూపడం మార్పులు కావు. చట్టం రాజీకి ఒప్పుకోని నేరంలో ఫిర్యాదుదారు నుంచి రాయించుకున్న రాజీ అఫిడవిట్ మరీ అనుమానాస్పదం. నిందితుడు బయట ఉండి ఏం చేస్తున్నాడో చెప్పే సాక్ష్యం కూడా అదే కావచ్చు.

రోజులు ఎలా కరిగిపోతాయి

ఊహకు ఒక కేసు తీసుకుందాం. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మి 80 లక్షల రూపాయలు తీసుకున్నాడని ఫిర్యాదు. ఎఫ్‌ఐఆర్ అయిన నాలుగో రోజున సెషన్స్ కోర్టులో పిటిషన్ పడుతుంది. పీపీ (ప్రభుత్వ న్యాయవాది) కౌంటర్‌కు, అంటే పిటిషన్‌పై పోలీసుల లిఖిత జవాబుకు, గడువు అడుగుతారు. దర్యాప్తు అధికారి బందోబస్తులో ఉండి కేస్ డైరీ పంపడు. రెండు వాయిదాల తర్వాత, పద్దెనిమిదో రోజున పిటిషన్ డిస్మిస్ అవుతుంది. సర్టిఫైడ్ కాపీ వచ్చేసరికి మరో వారం. హైకోర్టులో నంబరై లిస్టుకు వచ్చి, వాదన మొదలయ్యేసరికి నలభయ్యో రోజు. జడ్జి మొగ్గు చూపడం లేదని గ్రహించిన లాయర్ పిటిషన్ వెనక్కి తీసుకుంటారు. విత్‌డ్రా చేసుకున్నందున డిస్మిస్ అన్న ఒక్క వాక్యం ఉత్తర్వు. తర్వాత కొత్త లాయర్, కొత్త వకాల్తా, సెలవుల్లో వెకేషన్ కోర్టు ముందు మరో పిటిషన్. వంద రోజులు దాటిపోతాయి. ఇందులో ఎవరూ ఏ నిబంధననూ బాహాటంగా ఉల్లంఘించలేదు.

సతేందర్ కుమార్ అంటిల్ కేసులో 2022లో సుప్రీంకోర్టు ముందస్తు బెయిల్ పిటిషన్లను ఆరు వారాల్లో తేల్చాలని చెప్పింది. గడువు అక్షరాలా పాటించినా సెషన్స్‌లో ఆరు, హైకోర్టులో ఆరు, మొత్తం పన్నెండు వారాలు. రెండో చుట్టుకూ అవకాశమిస్తే ఇరవై నాలుగు.

ఈ వారాల్లో పోయేదేమిటో నేరాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ కాల్ రికార్డులు అంత తొందరగా పోవు, టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలన్న షరతు 2021 డిసెంబరు నుంచి ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఉంటాయి. కానీ అపార్ట్‌మెంట్ సీసీటీవీ డీవీఆర్ హార్డ్‌డిస్క్ నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేసుకుంటుంది. చాలా వాటిలో ఇది కొన్ని వారాల వ్యవహారం. నిందితుడి ఫోన్ మారిపోతుంది. ఖాతాలోని డబ్బు బంధువుల ఖాతాల మీదుగా నగదుగా మారుతుంది. పాత తేదీలతో ఒప్పంద పత్రాలు పుడతాయి. అన్నిటికన్నా త్వరగా మారేది సాక్షులు. మొదటి వారంలో ధైర్యంగా మాట్లాడిన పక్కింటివాడు నాలుగో నెలలో తాను ఆ రోజు ఊళ్లోనే లేనంటాడు.

అందుకే దర్యాప్తు అధికారి కౌంటర్‌లో రాసే మూస వాక్యాలు అంత నష్టం చేస్తాయి. కస్టడీ విచారణ అవసరం, సాక్షులను ప్రభావితం చేస్తాడు, దర్యాప్తు కీలక దశలో ఉంది అని ప్రతి కౌంటర్‌లోనూ ఉంటుంది కాబట్టి ఏ జడ్జీ వాటిని పట్టించుకోరు. ఏ వస్తువు స్వాధీనం కావాలి, ఏ ఖాతాలో ఎంత మొత్తం ఎక్కడికి వెళ్లిందో నిందితుడే చెప్పగలడు, ఏ సాక్షికి ఏ తేదీన ఫోన్ వచ్చింది అని రాస్తే మొదటి నిరాకరణ ఉత్తర్వు బలంగా వస్తుంది. బలమైన మొదటి ఉత్తర్వు ఉంటే రెండో పిటిషన్‌కు దారి ఇరుకవుతుంది. రెండు పంక్తుల్లో ముగిసిన నిరాకరణ ఎదుటివాడికి చేయిచాచి ఇచ్చిన అవకాశం, ఎందుకంటే ఏ కారణంతో నిరాకరించారో తెలియనప్పుడు ఆ కారణం మారలేదని ఎవరూ నిరూపించలేరు.

వెనక్కి తీసుకోవడంలోనూ ఇదే చిక్కు. నాట్ ప్రెస్డ్ (నొక్కి అడగడం లేదు) అని ముగిసిన పిటిషన్ మెరిట్స్ మీద, అంటే కేసు బలాబలాల మీద, ఓడిపోలేదు కాబట్టి తర్వాతి దాంట్లో ఇదివరకు కోర్టు ఈ విషయాన్ని పరిశీలించలేదని వాదించవచ్చు. వాదనలు అరగంట విన్నాక వెనక్కి తీసుకోనిచ్చే జడ్జి, వాదనలు విన్నామని, ఫలానా కారణంగా మొగ్గు చూపలేదని ఒక వాక్యం కలిపితే ఈ దారి అక్కడికక్కడే మూసుకుపోతుంది. లాయర్లకు అది నచ్చదు, నిజమే. జడ్జిపై గౌరవంతో వెనక్కి తీసుకున్నామంటారు. గౌరవం మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క వాక్యం లేకపోవడం ఖరీదు తర్వాతి జడ్జి సమయం.

బెంచీల వేట

ఒకే కేసులో తర్వాతి బెయిల్ పిటిషన్ మునుపు విన్న జడ్జి ముందుకే వెళ్లాలన్న నియమం పాతదే. 1987లో షహజాద్ హసన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో కెప్టెన్ బుద్ధికోట సుబ్బారావు కేసులో ఒక జడ్జి నిరాకరించిన రెండు రోజులకే మరో జడ్జి బెయిల్ ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2023లో ప్రధాని జానీ కేసులో, ఒకే ఎఫ్‌ఐఆర్ నుంచి వచ్చిన పిటిషన్లన్నీ ఒకే జడ్జి ముందుకు వెళ్లాలని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయితే హైకోర్టుల్లో రోస్టర్ (ఏ జడ్జి ఏ రకం కేసులు చూడాలన్న పట్టిక) కొన్ని నెలలకోసారి మారుతుంది. బెయిల్ చూసిన జడ్జి సివిల్ అప్పీళ్లకు వెళ్లిపోతే, కేవలం ఆయన కోసం పిటిషన్లు నెలల తరబడి ఆగిపోయిన పరిస్థితి వచ్చింది. దాంతో 2025లో సుప్రీంకోర్టు సడలింపు ఇచ్చింది. రోస్టర్ మారితే కొత్త జడ్జి వినవచ్చు, మునుపటి ఉత్తర్వుల్లోని అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలి. సడలింపు న్యాయమైనదే. కానీ రోస్టర్ మారేదాకా ఎదురుచూసి పిటిషన్ వేసేవాళ్లకు అది క్యాలెండర్ చేతికిచ్చినట్టు కూడా.

సహనిందితుల ద్వారా నడిచే వేట ఇంకా సున్నితమైనది. పదిమంది నిందితుల్లో ముందు చిన్న పాత్ర ఉన్న ఎ-7, ఎ-9 (ఏడో, తొమ్మిదో నిందితులు) పిటిషన్లు వేస్తారు. వాళ్లకు సులభంగా వస్తుంది. ఆ ఉత్తర్వును జతచేసి సమానత్వం పేరుతో ఎ-4 వేస్తాడు. ఎ-4 ఉత్తర్వుతో ఎ-1 వస్తాడు. ప్రతి మెట్టులోనూ పాత్రల తేడా కొంచెం కొంచెం చెరిగిపోతుంది. దీన్ని ఆపగలిగేది ఒక్కటే, కౌంటర్‌తో పాటు దర్యాప్తు అధికారి ఇచ్చే ఒక పట్టిక. ఏ నిందితుడిపై ఏ ఆరోపణ, ఏ సాక్ష్యం, ఎవరి పిటిషన్ ఏమైంది అన్నవి అందులో ఉండాలి. ఒక పేజీ చాలు.

పక్కదారులూ ఉన్నాయి. ముందస్తు బెయిల్ రాకపోతే క్వాష్ పిటిషన్ వేసి, అది తేలేలోగా కఠిన చర్యలొద్దని ఉత్తర్వు తెచ్చుకోవడం ఒకటి. తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన కథే. ఉమ్మడి హైకోర్టు క్వాష్ పిటిషన్‌ను తోసిపుచ్చుతూనే అరెస్టు చేయొద్దని ఆదేశించిన కేసులో, 2017 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం వర్సెస్ హబీబ్ అబ్దుల్లా జీలానీ తీర్పు వచ్చింది. 438 షరతులేవీ చూడకుండా 438 ఫలితం ఇవ్వడం ఇదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021లో నీహారిక ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో అదే మాట మరింత వివరంగా చెప్పింది. తర్వాత ఆ స్థానాన్ని మరో రకం ఉత్తర్వు ఆక్రమించింది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు బదులు నోటీసు ఇవ్వాలన్న పాత 41ఏ, ఇప్పటి 35(3) సెక్షన్ పాటించమని పోలీసులను ఆదేశిస్తూ పిటిషన్ ముగించడం. అర్నేశ్ కుమార్ తీర్పు 2014 నుంచీ అందరినీ కట్టి ఉంచుతోంది కాబట్టి ఇందులో కొత్తగా ఇచ్చేదేమీ లేదు. అయినా నిందితుడి చేతిలో ఒక హైకోర్టు ఉత్తర్వు ఉంటుంది, స్టేషన్‌లో దాని బరువు వేరు. నోటీసుకు హాజరు కాకపోతే అరెస్టు చేయవచ్చని అదే సెక్షన్ ఆరో ఉపవిభాగం చెబుతుంది. అంతదూరం చదివేవాళ్లు తక్కువ.

వేరే రాష్ట్రంలో కేసున్నప్పుడు అడిగే ట్రాన్సిట్ ముందస్తు బెయిల్‌ను 2023 నవంబరులో ప్రియా ఇండోరియా కేసు గుర్తించింది, పరిమిత కాలానికి, కేసు ఉన్నచోటి పీపీకి, దర్యాప్తు అధికారికి నోటీసు ఇవ్వాలన్న షరతులతో. గడువు ముగియగానే ఇంకో రాష్ట్రం నుంచి ఇంకో ట్రాన్సిట్ అడిగితే, ఆ షరతుల ఉద్దేశమే నీరుగారిపోతుంది.

పరారీ అని రాస్తే సరిపోదు

పిటిషన్ డిస్మిస్ అయ్యాక పోలీసులు చేయాల్సింది చేయకపోవడమే తర్వాతి పిటిషన్‌కు ఊపిరి. ప్రకటిత నేరస్థుడికి, అంటే హాజరు కమ్మని కోర్టు బహిరంగ ప్రకటన ఇచ్చినా రానివాడికి, ముందస్తు బెయిల్ సాధారణంగా ఇవ్వకూడదని 2012లో లవేశ్ కేసు చెప్పింది. 2024 మార్చిలో శ్రీకాంత్ ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో ముడి విప్పింది. మధ్యంతర రక్షణ లేనప్పుడు, పిటిషన్ పెండింగులో ఉన్నంత మాత్రాన ప్రకటన జారీకి అడ్డు కాదు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన స్టేషన్ ఆచారానికి సూటి జవాబు అదే.

కానీ ప్రకటన నిలవాలంటే మెట్లు సరిగ్గా ఎక్కాలి. వెతికిన ప్రతిసారీ తేదీ, సమయం, చోటు, అక్కడ ఎవరు ఏం చెప్పారో కేస్ డైరీలో ఉండాలి. తర్వాత మేజిస్ట్రేటు నుంచి నాన్‌బెయిలబుల్ వారెంటు. దర్యాప్తు దశలోనూ అది జారీ చేయవచ్చని 1997లో దావూద్ ఇబ్రహీం కాస్కర్ కేసు తేల్చింది. వారెంటు అమలు కాలేదని, నిందితుడు దాక్కున్నాడని మేజిస్ట్రేటు నమ్మేలా నివేదిక ఉంటేనే కొత్త చట్టం 84వ సెక్షన్ కింద ప్రకటన. హాజరు కావడానికి ప్రకటన వెలువడిన రోజు నుంచి కనీసం 30 రోజులు ఇవ్వాలి. నిందితుడు మామూలుగా ఉండే ఊళ్లో అందరికీ వినపడేచోట చదవాలి, అంటే చాటింపు. ఇంటికి అంటించాలి, కోర్టు భవనానికి అంటించాలి. పేపర్లో వేయడం కోర్టు ఇష్టం, అది ఈ మూడింటికి బదులు కాదు. ఎక్కువగా చెడేది ఇక్కడే. 30 రోజులకు బదులు 20 రోజుల గడువు ఇస్తారు, లేదా ఇంటికి అంటించి చాటింపు వదిలేస్తారు. హైకోర్టులో ఆ ప్రకటన కూలిపోతుంది, దాంతో పాటే పరారీ అన్న మాట కూడా. చివరికి ప్రకటన కొట్టేయడమే కొత్త పరిస్థితిగా చూపి మరో ముందస్తు బెయిల్ పిటిషన్ వస్తుంది.

చార్జిషీట్‌లో పరారీ అని రాసి ఆ నిందితుడి కేసును విడదీయడం ఇంకో పొరపాటు దారి. మిగతావాళ్ల విచారణ జరిగిపోతుంది, సాక్షులు ఒకసారి సాక్ష్యం చెప్పి అలసిపోతారు. ఆ నిందితులు నిర్దోషులుగా బయటపడితే, ఇన్నాళ్లూ దొరకనివాడు అదే తీర్పు పట్టుకుని వస్తాడు.

మొదటి పేజీ

కుశా దురుకా వర్సెస్ ఒడిశా కేసులో 2024 జనవరి 19న వచ్చిన తీర్పు ఈ రోగానికి అసలు మందు ఎక్కడుందో చూపింది. సుప్రీంకోర్టులో తన పిటిషన్ పెండింగులో ఉండగానే హైకోర్టులో మరో బెయిల్ పిటిషన్ వేసి బెయిల్ తెచ్చుకున్న కేసది. కోర్టు విధించిన ఖర్చులు 10,000 రూపాయలు. ఆ మొత్తం చూసి ఎవరూ భయపడరు. విలువైనవి అందులోని ఆదేశాలు. ప్రతి బెయిల్ పిటిషన్‌లో మునుపటి పిటిషన్ల వివరాలు, ఉత్తర్వుల ప్రతులు ఉండాలి. ఏ కోర్టులోనైనా ఏదైనా పెండింగులో ఉందో లేదో స్పష్టంగా చెప్పాలి. ఎన్నో పిటిషనో పైనే రాయాలి. ఆ నేరానికి సంబంధించిన పిటిషన్లపై కంప్యూటర్ నుంచి తీసిన నివేదికను రిజిస్ట్రీ జతచేయాలి. ప్రభుత్వ న్యాయవాదికి సాయపడే పోలీసు అధికారి మునుపటి ఉత్తర్వులను కోర్టు దృష్టికి తేవాలి.

వీటిని నిజాయితీగా పాటించే పిటిషన్ మొదటి పేజీ ఎలా ఉండాలో ఊహించడం కష్టమేమీ కాదు. క్రైమ్ నంబరు (ఎఫ్‌ఐఆర్ నంబరు), సంవత్సరం, స్టేషన్, సెక్షన్లు. కింద ఇదివరకటి ప్రతి పిటిషన్ నంబరు, కోర్టు, జడ్జి, తేదీ, ఫలితం, విత్‌డ్రా చేసుకున్నవీ కలిపి. వారెంటు, ప్రకటన ఉన్నాయా. సహనిందితుల పిటిషన్ల సంగతి. ఆ తర్వాత ఒకే ఒక పేరా: గత ఉత్తర్వు తేదీ తర్వాత మారిందేమిటి, ఏ తేదీన, దానికి కాగితమేది. ఆ పేరాలో రాయడానికేమీ లేకపోతే పిటిషన్‌కే పనిలేదు. అఫిడవిట్ మేనమామో బావమరిదో కాకుండా నిందితుడే వేయాలి. బంధువు వేస్తే, దాచిన సంగతి బయటపడినప్పుడు నిందితుడు తనకు తెలియదని తప్పుకుంటాడు. సొంత అఫిడవిట్‌లో అబద్ధం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ ఉంది, దానికి ముందు విచారణ జరిపే దారి నాగరిక్ సురక్షా సంహిత 379లో ఉంది.

దాచిపెట్టి తెచ్చుకున్న బెయిల్‌ను రద్దు చేయించాలనుకునే ఫిర్యాదుదారు ఒక తేడా గమనించాలి. బెయిల్ వచ్చాక నిందితుడు బెదిరించాడు, షరతులు తప్పాడు అనేది ఒక రకం కారణం, దానికి దౌలత్ రామ్ కేసు ప్రకారం తర్వాత జరిగిన ఘటనలు చూపాలి. వాస్తవాలు దాచడం వల్ల ఉత్తర్వే తప్పుగా పుట్టింది అనేది వేరే కారణం. దానికి తర్వాతి ఘటనలు అక్కరలేదు, 2001లో పూరన్ వర్సెస్ రాంబిలాస్ ఈ రెంటినీ వేరు చేసింది. రెండో కారణం చేతిలో ఉండగా మొదటిదాని మీద పిటిషన్ వేసి ఓడిపోయేవాళ్లున్నారు. బాధితుడికి వినిపించుకునే హక్కు ఉందని లఖీంపూర్ ఖేరీ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుర్తించింది కాబట్టి, అసలు ఉత్తర్వు రాకముందే పాత ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు పీపీ చేతిలో పెట్టడం ఇంకా చవకైన దారి.

కానీ పాత పిటిషన్ ఉందని తెలియాలంటే వెతికితే దొరకాలి. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో వెతకడం తెలుగు పేర్ల దగ్గర సరిగ్గా పనిచేయదు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి పొడి అక్షరంగా వస్తుంది. ఇంగ్లిషులో లక్ష్మిని, వెంకటేశ్వర్లును, చౌదరిని రాసే తీరులెన్నో. తండ్రి పేరులో ఒక అక్షరం మార్చినా యంత్రానికి వేరే మనిషే. ఒక్కోసారి అది పొరపాటు కాదు, పథకం. నమ్మకంగా పట్టుబడేది క్రైమ్ నంబరు, సంవత్సరం, స్టేషన్ ఈ మూడూ కలిస్తేనే. ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికే సదుపాయం ఆ సైట్‌లో ఉంది, కానీ దాఖలు చేసేటప్పుడు ఆ గడి నింపితేనే ఫలితం వస్తుంది. ఖాళీగా వదిలిన పిటిషన్ ఎవరికీ కనిపించదు. ఆ గడి ఖాళీగా ఉన్న పిటిషన్‌కు నంబరు ఇవ్వకుండా తిప్పి పంపడం ఫైలింగ్ సెక్షన్‌లో రెండు నిమిషాల పని. ఎఫ్‌ఐఆర్ ఇంకా కాని కేసుల్లో మాత్రం స్టేషన్ పేరు, ఫిర్యాదుదారు పేరు తప్పనిసరి చేసి, తర్వాత నంబరు రాగానే పాత రికార్డుకు దాన్ని కలపాల్సి ఉంటుంది.